కబ్జా అన్న ఒక్క మాట

మా నాన్న అబిడ్స్ సందులో వకీళ్ల నల్లకోట్లు కుడతాడు. అందరూ ఆయనను మాస్టర్ అంటారు. నేను పక్కన కూర్చుని కాజాలు, గుండీలు చూసుకుంటాను. నాంపల్లి కోర్టులో తిరిగే భుజాల కొలతలు సగం మాకు నోటికొచ్చు. కోర్టు భాష మాత్రం రాదు. అదే మా కొంప మీదికి తెచ్చింది.

మా మల్గి, అంటే రోడ్డు మీదికి తెరుచుకునే ఒంటిగది దుకాణం, కిరాయిది. నేను పుట్టకముందు నుంచీ నాన్న అందులోనే ఉన్నాడు. పాత యజమాని పోయాక ఆయన కొడుకు వచ్చి, ఖాళీ చెయ్యకపోతే షట్టర్ పీకేస్తానన్నాడు. ఒకరోజు మనుషుల్ని పంపి మా బోర్డు దింపించాడు కూడా. కిరాయికున్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే కోర్టు ద్వారానే చేయించాలి, బలవంతంగా గెంటే హక్కు ఓనరుకైనా లేదని మా వకీలు చెప్పాడు. ఆ ధైర్యంతోనే దావా వేశాం.

"జాగ మీ స్వాధీనంల ఉన్నదని తేలాలె. మనకు గదే ప్రాణం," అన్నాడాయన. నాన్న తలూపాడు.

సాక్ష్యం రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎదుటి వకీలు మా పాత గిరాకీయే. ఆయన ఒంటి మీది కోటు మేం కుట్టిందే. "మాస్టర్, ఆ మల్గి మీ కబ్జాల ఉన్నదా?" అని మెల్లగా అడిగాడు.

నాన్న ముఖం ఎర్రబడింది. ఈ ఊళ్ళో కబ్జా అంటే చెరువులు మింగేవాళ్ళు, స్మశానాన్ని కూడా వదలనివాళ్ళు చేసే పని.

"కబ్జానా సార్? నాది గాని జాగ నేనెట్ల కబ్జ చేస్త? మా ఇంటా వంటా లేదు గా పని. నా కబ్జాల లేదు."

జడ్జిగారు ఆ జవాబును ఇంగ్లిషులో చెబుతుంటే టైపిస్టు కొట్టుకుంటూ పోయింది. మా వకీలు లేచి ఏదో సర్దబోయాడు. తీర్పులో చూద్దామన్నారు జడ్జిగారు. నాన్న సంతకం పెట్టి, మచ్చ తుడుచుకున్నవాడిలా బోనులోంచి దిగాడు.

బయటికొచ్చాక మా వకీలు చెప్పాడు. "కోర్టుల కబ్జా అంటే స్వాధీనమే మాస్టర్. జాగ ఎవరి చేతుల ఉన్నది అని, గంతే. నా చేతుల లేదని మీరే చెప్పిన్రు."

"నేను నిజమే చెప్పిన గద."

"నిజమే చెప్పిన్రు. గదే తంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదుటి వకీలు మీద, ఆ మాట మీద, మా నాన్న మర్యాద మీద కూడా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నోటి మంచే మమ్మల్ని ముంచింది.

తీర్పు ఇంకా రాలేదు. నాన్న చాయ్‌కి కూడా కుర్చీ వదలడం లేదు. ఆయన ఆదివారం చర్చి మానడం నేను బుద్ధెరిగాక చూడలేదు. ఇప్పుడు ప్రార్థన వేళకే షట్టర్ ఎత్తుకుని కూర్చుంటున్నాడు. రమ్మంటే, "లేస్తే కబ్జా పోతది బిడ్డా," అంటాడు. నాకు భయంగా ఉంది. దుకాణం పోతుందని సగం, అంతకంటే ముందే ఈ మనిషి ఏమైపోతాడోనని సగం. ఊడిన గుండీ కుట్టించుకుందామని వచ్చినవాళ్ళకు కూడా, ఎవరూ అడగకపోయినా, "మల్గి నా కబ్జాలనే ఉన్నది సార్," అని చెబుతున్నాడు.

మొన్న ఆ ఎదుటి వకీలే కొత్త కోటు కోసం వచ్చాడు. పంపించెయ్యమని నేను కళ్ళతోనే చెప్పాను. నాన్న టేపు తీసి ఆయన భుజాల మీద పరిచాడు.

"సార్, మల్గి నా కబ్జాల ఉన్నది," అన్నాడు.

వకీలు అద్దంలోంచి నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. "గా రోజు చెప్పాల్సింది మాస్టర్. కోటుకు ఎప్పుడు రావాలె?"

"ఎప్పుడన్న రాండ్రి సార్," అన్నాడు నాన్న. "నేను గీడనే ఉంట."