జెండాలకు పోసిన మందు

వయసులో ఉన్నప్పుడు మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అంతే. పలాసలో జీడిపప్పు కొట్లో గుమాస్తాగా చేరి ఆరు నెలలు కాలేదు, కవిటి అవతల సముద్రం ఒడ్డున కొత్తగా వెలసిన గోల్ఫ్ మైదానం బారుకు వారం వారం వెళ్తుంటానని మా పేటంతా కోతలు కోశాను. (గేటు దాటి ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు.) ఆ కోతలు నా పెళ్లి మీదికే వచ్చాయి. నేను మనసుపడిన పిల్లకు తండ్రి లేడు. సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పెంచింది మేనమామ. పిల్లనివ్వాలా వద్దా అన్నది ఆయన మాటే. "నువ్వెల్లే ఆ బారేదో సూపించు బాబూ, కూకుని మాటాడుకుందుం" అన్నాడాయన.

పొద్దుగూకే వేళ ఆ బారు డాబా మీద మేమిద్దరమే ఉన్నాం. సముద్రం కనబడదు, సరుగుడు తోపు అవతల హోరు మాత్రం వినబడుతోంది. వెలుగు తగ్గేకొద్దీ కింద పచ్చిక నల్లబడింది. దాని మీద అక్కడక్కడా కర్రలు, కర్రలకు ఎర్ర గుడ్డలు. గాలి లేదు, అయినా ఒక గుడ్డ కదులుతోంది. మావ ఎత్తిన గ్లాసు దించేశాడు. సముద్రం మీద పోయి, శవమైనా దొరకనివాడికి మా పేటలో ఒడ్డున ఇసకలో కర్ర పాతి గుడ్డ కడతాం. మొదటి గుక్క వాడికి పోయనిదే ఎవరూ తాగరు.

"ఇంతమందేటి?" అన్నాడు మెల్లగా. "ఈలంతా ఎవులు బాబూ? నువ్వు వారం వారం వత్తావు గదా."

తెలియదంటే నా కోతలు బయటపడతాయి. "మనోలే మావా" అన్నాను. (అవి గోల్ఫు గుంటల జెండాలని నాకు మాత్రం ఏం తెలుసు?)

"అయితే పోసి తాగుదుం, లెగు."

సీసా పట్టుకుని మావ ముందు, ఆయన చొక్కా పట్టుకుని నేను వెనక. ప్రతి కర్ర మొదట్లోనూ చిన్న గుంట ఉంది. గుంటకో గుక్కెడు పోసి "తాగు నాయినా" అంటున్నాడు మావ. నాలుగో కర్ర దగ్గర ఆగి, సీసా రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇది మా బావకి" అని పిల్ల తండ్రి పేరున పోశాడు. అప్పుడే చీకట్లోంచి తెల్లటి బంతి ఒకటి చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వచ్చింది. మావ కాళ్ల మధ్య నుంచి వెళ్లి టక్కున గుంటలో పడింది. చుట్టూ నరమానవుడు లేడు.

మావను అక్కడే వదిలేసి, చెప్పులూ వదిలేసి, డాబా ఎక్కి బల్ల కింద దూరాను. వెయిటరు వంగి చూసి, ఆ జెండాలు ఆటకు పెట్టినవని చెప్పాడు. "కానీ ఇయాల ఎవులూ ఆడనేదండీ" అన్నాడు. దాంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. అంతలో మావ తీరిగ్గా వచ్చాడు, చేతిలో నా చెప్పులు. ఇక పెళ్లి లేదనుకుని, "నాను ఇక్కడికి రావడం ఇదే తొలిసారి మావా" అని బల్ల కిందనుంచే ఒప్పేసుకున్నాను.

ఆయన కుర్చీ లాక్కుని సరుగుడు తోపు వైపు తిరిగి కూర్చున్నాడు.

"మా బావకి బయమన్నదే నేదు. తుపానొత్తందిరా అంటే నవ్వీసి బోటెక్కీసినాడు" అన్నాడు. "నీలాటి పిరికోడైతే సీకటడితే ఇంటికాడుంటాడు. బయటికి రా అల్లుడూ."

ఇప్పుడు మావ లేడు. సాయంత్రాలు మా డాబా మీద గ్లాసు పట్టుకుంటే మొదటి గుక్క ఆయనకే. చీకటి పడకముందే పోసి, లోపలికి వచ్చేస్తాను.