ఆమె పెట్టిన సంతకం

మా ఆయనకు కామెర్లు తగ్గకపోతే శ్రీకాకుళంలో పెద్ద డాక్టరుకు చూపించాం. పిత్తనాళంలో క్యాన్సర్ అన్నాడు. ఆపరేషన్ చేయగలరో లేదో ఎమ్మారై తీస్తేగాని తెలియదన్నాడు. అదే రోజు అదే జబ్బుతో చీపురుపల్లి రైతొకాయన కూడా స్కాన్‌కు వచ్చాడు. ఆయన భార్యా నేనూ బయట బెంచీ మీద కూర్చుని ఒకే సీసాలో నీళ్లు తాగాం.

మర్నాడు డాక్టరు తెర మీద బొమ్మలు చూపించాడు. మా ఆయనకు గడ్డ కాలేయపు రక్తనాళాలను చుట్టేసింది, కోయడం కుదరదు. రైతుకు అంతదాకా పాకలేదట, కోయొచ్చట.

బయటికొచ్చేసరికి రైతు భార్య ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, బయమేస్తన్నాది. సంతకం ఎక్కడెట్టాలో సూపించవా?"

నాకు కన్ను కుట్టింది. ఆమె భయాన్ని చూసి కూడా అసూయపడ్డాను. భయపడడానికి నాకు ఆపరేషనైనా మిగల్లేదు. వినబడనట్టు ముఖం తిప్పుకున్నాను.

మా ఆయన చూశాడు. "ఏటే, అడుగుతన్నాది గదా, సూపించు" అన్నాడు.

వేలు పెట్టి చూపించాను.

ఆయన పోయి ఏడాదయింది. ఆమె ఇప్పటికీ ఫోన్ చేసి, "మా ఆయన పొలానికెల్తన్నాడక్కా" అంటుంది. సంతోషం అంటాను. ఆ పూట నాకు అన్నం సయించదు.