పాట అయ్యేదాకా ఎర్ర రంగు

లేబ్ భయ్యా పోయారన్న కబురు నాకు గరాచర్మ వెళ్ళే బస్సులో తెలిసింది. అప్పుడు నా ఒళ్ళో మిఠాయి పెట్టె ఉంది, ఆయన కోసమే తీసుకెళ్తున్నాను. రిటైరయ్యేదాకా ఆయన పనిచేసిన లేబులోనే మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది! నా సంతోషం పట్టడానికి ఈ దీవి చాలలేదు. ఆర్డరు మంగళవారమే చేతికందింది. ముందు ఇంట్లో ప్రార్థన పెట్టించి వెళ్దామని నాలుగు రోజులు ఆగాను. ఎందుకు ఆగానా అని ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

అమ్మాయికి పదహారేళ్ళప్పుడు నెలరోజులు దగ్గు, సాయంత్రమైతే జ్వరం. డాక్టరుగారు కఫం పరీక్ష రాశారు. పొద్దున్నే డబ్బీ పట్టుకెళ్తే లేబ్ భయ్యా మూత తీసి చూసి వెనక్కిచ్చేశారు.

“అరె భయ్యా, ఇది థూకు. వట్టి ఉమ్ము. గుండెల్లోంచి దగ్గి తెమ్మను.”

రెండో రోజూ అదే మాట. మళ్ళీ బస్సు, మళ్ళీ ఇల్లు. మూడో రోజు తీసుకున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన కఫం పూసిన గాజుపలక మీద ఎర్ర రంగు పోసి, కింద స్పిరిట్ దీపం పెట్టి, ఆవిరి లేస్తుండగా తీరిగ్గా పాట ఎత్తుకున్నారు. మనం ఆదివారం చర్చిలో పాడుకునేదే. నాకు ఒళ్ళు మండింది.

“ఏటండీ ఇది? నా పిల్ల దగ్గి దగ్గి సచ్చిపోతంటే తమరికి పాటలొస్తన్నాయేటి?”

ఆయన ఆపలేదు. ఆఖరి మాట అయ్యాకే పలక వంచి కడిగి, గోడ వైపు వేలు చూపించారు. గడియారం ఉప్పుగాలికి తుప్పుపట్టి ఆగిపోయి ఉంది.

“రంగు అయిదు నిమిషాలు నానాల. కొత్త గడియారం కోసం రాసి రాసి నా చెయ్యి అరిగిపోనాది. ఈ పాట సరిగ్గా అయిదు నిమిషాలు. మధ్యలో నువ్వు అరిస్తే లెక్క తప్పుద్ది, బాబూ.”

తర్వాత ఆసిడ్ పోసి, నీలం రంగు వేశారు. “ఆసిడ్ పోస్తే మిగతావన్నీ ఎరుపు వదిలేస్తాయి. వదలనోడే దొంగ,” అంటూ కన్ను మైక్రోస్కోపుకి ఆనించారు. ఎంతసేపో!

“మిల్ గయా! దొరికాడు. రా, సూడు.”

నీలం మధ్య సన్నని ఎర్ర పుల్లలు. అయిదో తరగతి చదివిన నాకు ఏం తెలుస్తుంది? ఏడ్చాను.

“ఏడవకు. టీబీ. పేరు తెలిసిన రోగం ఇది, దీనికి మందుంది.”

రిపోర్టు కాగితం లాక్కుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. థాంక్సూ చెప్పలేదు, క్షమించమనీ అడగలేదు.

నెలల తరబడి మందులు వాడినన్నాళ్ళూ, పరీక్షకు వెళ్ళినప్పుడల్లా “బిటియా, నీ దొంగల్ని నువ్వే ఎతుక్కో” అని అమ్మాయిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టేవారు. ఒక్క పుల్లా కనబడని రోజు ఇద్దరూ చప్పట్లు కొట్టుకున్నారు. ఈ చదువు పిచ్చి దానికి అక్కడే అంటుకుంది. నేను మాత్రం గోల్ ఘర్‌లో ఆయన ఎదురైన ప్రతిసారీ “బాగున్నారా భయ్యా” అని దాటుకుపోయేవాణ్ణి. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయేది. ఇంకా అక్కడే ఉంది.

డాలీగంజ్‌లో ఆయన్ను సమాధి దగ్గర సాగనంపేటప్పుడు అందరూ ఆ పాటే పాడారు. అమ్మాయి నా పక్కనే కళ్ళు మూసుకుని పాడుతోంది. ఆఖరి మాట అయ్యేసరికి దాని కుడిచెయ్యి కొంచెం పైకి లేచి, రెండు వేళ్ళ మధ్య గాజుపలక పట్టుకున్నట్టు, మెల్లగా పక్కకు వంగింది.