చుంచు పుర్రెల సీసా

మ్యూజియంలో అందరూ చాటుగా చుంచమ్మ అని పిలిచే ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుంది. పురుగులు తిని బతికే చుంచును ఎవరైనా ఎలుక అన్నారా, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి మరీ దులిపేస్తుంది. పొడవు తోక చుంచుల్లో ఏది ఏ జాతో తేల్చడం ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని. తోక కొలిచి, బొచ్చు రంగు చూసి ఊరుకోదు. ఆ రెండూ మోసం చేస్తాయంటుంది. వేలిగోరంత పుర్రెను లెన్సు కింద పెట్టి, ముందుపంటి వెనకున్న చిట్టిపళ్ళలో మూడోది పెద్దదా, నాలుగోది పెద్దదా అని ఊపిరి బిగబట్టి చూస్తుంది. అందుకే ప్రతి పుర్రెకూ ఒక డబ్బీ, డబ్బీ మీద, విడిగా దాచిన దాని చర్మానికున్న నంబరే.

సోమవారం వచ్చేసరికి డబ్బీలన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. తనిఖీకి అందంగా ఉంటుందని కొత్త ఆఫీసరు నూట పన్నెండు పుర్రెల్నీ ఒకే గాజుసీసాలో పోయించాడు. ఏ పుర్రె ఏ చర్మానిదో ఇక తెలిసే దారి లేదు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదమ్మా, ఏది ఏదైతే ఏంటి?" అన్నాడాయన.

ఈసారి ఆవిడ కళ్ళజోడు నుదుటిమీదికి తోయలేదు. అందరికీ భయం వేసింది అందుకే. ఆయన భోజనానికి వెళ్ళగానే ఆయన గదిలో గోడబోర్డుకున్న మ్యూజియం తాళంచెవులన్నీ దించి, ఒక్కోదానికీ కట్టిన చీటీ కత్తిరించి, అలాంటిదే మరో సీసాలో పోసి ఆయన బల్లమీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది!" అని తిరిగొచ్చి అరిచాడాయన.

ఆవిడ తన లెన్సు తీసి సీసా పక్కన పెట్టింది.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ! మీరైతే ఒక్కోటీ తాళంలో పెట్టి తిప్పి చూసుకోవచ్చు. నా పుర్రెల్ని నేనెక్కడ పెట్టి చూడను?"