మార్చకుండా చేసిన తర్జుమా

మా అమ్మను రైల్వే స్టేషన్లో అడుక్కుతినేదాన్ని చేసి, మా నాయన్ని తాగుబోతును చేసి, ఒక అమెరికా దొర వాళ్ళ దేశంలో అందరి చేతా కన్నీళ్ళు పెట్టించినాడు. దానికి నేను కక్ష తీర్చుకున్నాను. ఇంకా తీర్చుకుంటానే ఉన్నాను. క్షమించాలి కదా సిస్టర్ అనేవాళ్ళు పుస్తకం ఈడనే మూసేయొచ్చు, నాకేం బాధ లేదు.

మాది మద్రాసులో వ్యాసర్పాడి. రైల్వే యార్డు గోడ వెనకాల మా తెలుగు చర్చి. మా అవ్వ వాళ్ళ నాయన కాలం నుంచీ మేం ఆ గుడివాళ్ళమే. మా నాయన యార్డులో ఫిట్టరు, ఆదివారం గుడి గంట కొట్టేది కూడా ఆయనే. టీ అయినా రెండో కప్పు తాగే మనిషి కాదు. ఆయన పోయినాక, ఆయన పెన్షను మీద, అమ్మ కుట్టే జాకెట్ల మీద ఇల్లు నడిచింది. నేను డిగ్రీ చదివి హార్బరు దగ్గర ఒక ఆఫీసులో చేరినాను. ఇంగ్లీషు వచ్చు గనక గుడికి దొరలొస్తే తర్జుమా చేసేది నేనే.

ప్రతేడూ క్రిస్మస్ దాటినాక అమెరికాలో ఒక చర్చి నుంచి ఒక టీము వస్తుంది, వారం పది దినాలకు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. పిల్లలకు బెలూన్లు, చేతులూపే పాటలు, మా కాంపౌండు గోడకు పెయింటు. ఎప్పుడొచ్చినా ఆ గోడకే పెయింటు. మా వీధిలో సగం మంది మొగోళ్ళు పెయింటర్లే. దొరలు పూస్తా ఉంటే వాళ్ళు కింద నిచ్చెన పట్టుకుని నిలబడతారు, టీము విమానం ఎక్కినాక మళ్ళా సరిగ్గా పూసుకుంటారు. ఆడోళ్ళ లెట్రిన్‌కు తలుపు లేదని మాత్రం ఎవురూ నోరు విప్పరు. ఇంటికొచ్చినోళ్ళతో అట్ల అనకూడదంట.

నా తర్జుమా కూడా ఆ మర్యాదలోదే. టీము లీడరు, తెల్ల గడ్డం మనిషి, మైకు పట్టుకుని "పాపం ఈ పేద జనం" అంటే నేను "ప్రియమైన సహోదరులారా" అనేదాన్ని. "మీకు దేవుణ్ణి తెచ్చినాం" అంటే "మీతో కలిసి దేవుణ్ణి స్తుతించడానికి వచ్చినాం" అనేదాన్ని. మా ముత్తాత సమాధి కిటికీలోంచి కనపడతా ఉంటే ఇంకేమని చెప్పేది? అట్లయితే దొరకూ పరువు, మాకూ పరువు. అందరూ ఆమెన్ అనేవాళ్ళు, తర్వాత బిర్యానీ తినేవాళ్ళు.

మా గుడిలో సాక్ష్యం, అంటే దేవుడు మనకు చేసిన మేలు, పదిమంది ముందర చెప్పడానికి ఒక పద్ధతి ఉండాది. ముందు మనల్ని మనం కిందికి దించుకోవాల. నేను దిక్కులేనిదాన్ని, చీకట్లో పడున్నదాన్ని, దేనికీ పనికిరానిదాన్ని అని మొదలుపెట్టాల. కార్పొరేషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన కూడా అట్లే మొదలుపెడతాడు. విన్నోళ్ళెవురూ ఆయనకు నిజంగా దిక్కు లేదనుకోరు. దేవుని ముందర చెప్పులు విడిచినట్టు, అంతే.

ఒక ఏడు ఆ లీడరు కెమెరా పట్టుకుని మా ఇంటికొచ్చినాడు, అమ్మ సాక్ష్యం కావాలని. అమ్మ కొత్త చీర కట్టుకుని, పద్ధతి ప్రకారం మొదలుపెట్టింది. దిక్కులేనిదాన్ని, చీకట్లో ఉన్నదాన్ని, ఆయన పోయినాక దేవుడే చెయ్యి పట్టుకున్నాడు. నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పినాను. ఆయన తల ఊపినాడు, అమ్మ ఇచ్చిన మురుకులు తిని పోయినాడు.

కొన్ని నెలలకు ఆ వీడియో మా చర్చి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పెట్టింది మా పాస్టరు అయ్యగారే. పాస్టరమ్మా అని మేం పిలిచే ఆయన భార్యకు ఇంగ్లీషొచ్చు, ఆమెకైనా చూపించి పెట్టినాడా అంటే అదీ లేదు. మన గుడి కనపడింది, మంచి మ్యూజిక్ ఉంది, కింద ఏం రాసుందో చదవకుండా స్తోత్రం అని పెట్టేసినాడు. అమ్మ తెలుగు గొంతు తగ్గించేసి, పైన వాళ్ళ గొంతు. తాగుబోతు మొగుడు తాగి తాగి చచ్చినాడంట. ఈమె స్టేషన్లో చెయ్యి చాపుకుని బతికిందంట. మా టీము పోయి ఈమెను కనుక్కుందంట. ఇంగ్లీషు మీడియం పిల్లలు ప్రతి ఇంట్లో అది చదివి, వాళ్ళకు బాగా అలవాటైన తమిళంలో పెద్దోళ్ళకు అర్థం చెప్పినారు.

ఇంక చూసుకోండి. ఏం ఆశపడి మొగుడి మీద అట్ల చెప్పిందో అని ఒకరు. కూతురే కదా తర్జుమా చేసేది, అదే కల్పించుంటాదని ఇంకొకరు. అమ్మ ఎవురితోనూ కొట్లాడలా. గుడికి పోవడం మానేసింది. జ్వరమొచ్చినా ఆదివారం మానని మనిషి. నన్ను ఒకే మాట అడిగింది: "ఏం మే, ఆయన్ని తాగుబోతంటే నువ్వు ఆడనే ఉండి ఊరికే ఉన్నావా?" నేను లేనప్పుడు కల్పించినారని ఎంత చెప్పినా, "మరి జనానికెట్ల తెలుస్తాది?" అంది. చచ్చిపోయిన మనిషి పేరు, ఆయన తిరిగిన గుడిలోనే పాడైపోయింది. ఆమెకు కావలసింది అది బాగుపడడం, ఆ గుడిలోనే, ఆ జనం ముందరే.

అయ్యగారితో చెప్పినాను. "పోనీలేమ్మా, వాళ్ళు మంచి మనసుతోనే చేసింటారు" అన్నాడు. లీడరుకు మెయిల్ పెట్టినాను. మీ తల్లి కథ ఎందరినో కదిలించిందని జవాబొచ్చింది. ఆ దినం నాకు ఒళ్ళు మండిపోయింది. సరి, రండి మీరు, ఈడికే కదా వచ్చేది అనుకున్నాను.

వచ్చినారు. శాలువాలు, గంధపు దండలు అన్నీ అయినాయి. ఆరాధనకు ముందు టీ తాగేటప్పుడు లీడరు దగ్గరికి పోయి చాలా వినయంగా అడిగినాను. "మా అమ్మ కథ ఈపొద్దు ప్రసంగంలో చెప్పండి సార్, మీ వీడియోలో ఉన్నట్టే. మా జనానికి ధైర్యంగా ఉంటుంది." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, నా చేతులు పట్టుకున్నాడు. నాకేమో లోపల చల్లగా ఉండింది. నిజం చెప్తున్నా, చానా చల్లగా. అమ్మను కూడా బతిమాలి పిలుచుకొచ్చినాను. "మళ్ళా నా నెత్తికి ఏం తెస్తావో" అంటానే వచ్చి, ఎప్పుడూ కూర్చునే వరసలో కాకుండా వెనకాల గోడ పక్కన కూర్చుంది.

ఆయన మొదలుపెట్టినాడు. నేనూ మొదలుపెట్టినాను. ఈసారి ఒక్క మాట మెత్తన చెయ్యలా, ఒక్క మాట వదల్లా.

"అదో ఆ వెనకాల కూర్చున్న ఆ తల్లి. ఆమె మొగుడు తాగుబోతు."

ఆయన ఆపిన కాడ ఆపినాను.

"తాగి తాగి చచ్చినాడు. ఈమె స్టేషన్లో అడుక్కుంటా ఉండింది. ఈ చోట దేవుడంటే ఎవురికీ తెలీదు. మేము సముద్రం దాటి వచ్చి ఈమెకు దేవుణ్ణి చూపించినాం."

జనం నన్ను చూడలా, ఆయన్ని చూస్తా ఉన్నారు. అయ్యగారు వెనక నుంచి నా కొంగు పట్టి లాగి, "అమ్మా, కొంచెం మార్చి చెప్పు" అని గొణిగినాడు. నేను మైకులోనే అన్నాను: "అయ్యగారు మార్చి చెప్పమంటా ఉన్నారు. ఇన్నేళ్ళూ మార్చే చెప్పినాను. ఈపొద్దు దొర ఏమంటే అదే చెప్తా ఉన్నా." ఆ మాట ఇంగ్లీషులో కూడా చెప్పినాను, లీడరుకు కూడా తెలియాల కదా.

అప్పుడు ముందు వరసలో ఒక సంఘపెద్ద లేచినాడు. మా నాయనతో యార్డులో కలిసి పనిచేసినాయన. "తాగినోణ్ణి నేను," అన్నాడు. "జీతం దినం నేను పడిపోతే, సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మా ఇంటికాడ దించింది ఆ మనిషి. ఆయన్నా తాగుబోతనేది? ఎవురు చెప్పినారు, అడుగమ్మా." నేను అడిగినాను, ఒక్క మాట తగ్గించకుండా. లీడరు నా వైపు తిరిగినాడు. మీ అమ్మే చెప్పింది కదా అన్నాడు. అది కూడా తెలుగు చేసి జనానికి చెప్పినాను.

అమ్మ లేచి ముందరికి వచ్చింది. "కెమెరా పెట్టమను," అంది. టీములో ఒక అమ్మాయి ఫోను ఎత్తింది. అమ్మ ఈసారి పద్ధతి పాటించలా. దిక్కులేనిదాన్ననలా, చీకట్లో ఉన్నాననలా. "నా మొగుడు తాగలా. నేను ఎవురి ముందరా చెయ్యి చాపలా. మీరు రాకముందే నాకు దేవుడు తెలుసు. అయిపోయింది నా సాక్ష్యం," అంది.

లీడరు ఏడ్చినాడు. క్షమాపణ అడుగుతా, ప్రార్థన చెయ్యడానికి అమ్మ తలమీద చెయ్యి పెట్టబోయినాడు. అమ్మ ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది. "ఈడ ఏడిస్తే ఏం లాభం? ఆడ పోయి వాళ్ళకు చూపించమను." తప్పకుండా చూపిస్తానని అందరి ముందరా మాటిచ్చినాడు.

అమ్మ మళ్ళా తన వరసలో కూర్చుంటా ఉంది. ఆడోళ్ళు జరిగి చోటిచ్చినారు, ఒకామె వచ్చి క్షమించక్కా అని కూడా అంది. నా మైకు మాత్రం పోయింది, ఇప్పుడు ఏ దొరలొచ్చినా ఒక కాలేజీ పిల్ల తర్జుమాకు. తర్వాతి ఏడు టీము రాలా. గోడకు పెయింటు వెలిసిపోయింది. ఆడోళ్ళ లెట్రిన్‌కు మేమే తలుపు పెట్టించుకున్నాం.

కానీ ఆ వీడియో నెట్లో వాళ్ళ చర్చి పేజీలో అట్లే ఉండాది. కొత్తది పెట్టలేదు, పాతది తియ్యలేదు. పొద్దున ఆఫీసుకు పోయే ముందు దాని కింద నేను ఇంగ్లీషులో రాస్తాను: ఈమె మొగుడు తాగుబోతు కాదు, నేను ఆయన కూతుర్ని, ఇది అబద్ధం. సాయంత్రానికల్లా తీసేస్తారు. మరుసటి పొద్దున మళ్ళా రాస్తాను.

పోయిన వారం అయ్యగారు ఇంటికొచ్చినాడు. వాళ్ళు బాధపడతా ఉన్నారంట. నేను రాయడం ఆపితే టీమును మళ్ళా పంపుతారంట. "ఎంతైనా క్షమించాలి కదమ్మా," అన్నాడు అమ్మతో.

"నేనెప్పుడో క్షమించేసినా అయ్యగారూ," అని అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చింది. ఇచ్చి నా వైపు తిరిగింది. "ఏం మే, ఈపొద్దు రాసినావా?"

ఇంకా లేదన్నాను.

"అయితే రాయి. అయ్యగారు కూడా చూస్తారు."