ఫోనుకు అబద్ధాలు చెప్పే బౌక్యా

మా ఎదురింటి బౌక్యా జీవితంలో ఏ మనిషికీ అబద్ధం చెప్పి ఎరగదు. ఫోనుకు మాత్రం ఒక్క నిజమైనా చెప్పి ఎరగదు.

మనుషుల సంగతి ముందు చెబుతాను. పాస్టరుగారి భార్య కేకు చేసి పెట్టి, ఎలా ఉందని అడిగితే ఊరంతా "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అంది. బౌక్యా నీళ్ళు తాగి, "ఎండిపోయింది" అంది. పెళ్ళికూతురు గౌను వేసుకుని గిర్రున తిరిగి చూపిస్తే, "ముందు వైపు బాగుందమ్మా, ఇక తిరక్కు" అంది. అలా అన్నందుకు ఎవరూ ఆమెను తప్పు పట్టరు. నిజం తెలుసుకోవాలంటే ఆమె దగ్గరికి వెళ్తారు, అక్కర్లేనప్పుడు అటువైపు వెళ్ళరు, అంతే.

ఇక ఫోను. డెబ్బై ఆరేళ్ళ బౌక్యా పొద్దున్నే కాఫీ నీళ్ళు పొయ్యిమీద, కళ్ళజోడు ముక్కుమీద పెట్టి, చూపుడువేలితో ఆ ఫోనును పొడుస్తూ కూర్చుంటుంది. "గడ్డం మెత్తబడడానికి మంచి నూనె" అని వెతుకుతుంది. అది అయ్యాక "ఒంటెకు జలుబు చేస్తే ఏం చేయాలి" అని వెతుకుతుంది. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్లాండ్‌లో, నాలుగు వైపులా ఆవులూ కాలువలూ తప్ప మరోటి లేని మా ఊళ్ళో కూర్చుని!

మా రెండిళ్ళ మధ్యా ఒక కాలువ, దానిమీద చిన్న వంతెన. ఉద్యోగం మానేశాక పుస్తకాలు తప్ప నాకు వేరే వ్యాపకం లేదు కాబట్టి, రోజూ కాఫీ వేళకు వంతెన దాటి వెళ్ళేవాణ్ణి. తలుపు తీస్తూనే అడిగేవాణ్ణి:

"ఇవాళ నువ్వెవరు బౌక్యా?"

"ఇవాళ నేను కుస్తీ పట్లు నేర్చుకుంటున్న కుర్రాణ్ణి. మోకాలు బెణికింది. కూర్చో."

ఈ పిచ్చికి ఒక కారణం ఉంది. సోషల్ మీడియా కంపెనీలు మనం వాళ్ళ దగ్గర ఏం రాస్తున్నామో చూడడమే కాదు, బయట ఏ అంగడి గుమ్మంలో తొంగి చూశామో, ఏ చెప్పుల జత దగ్గర ఆగామో కూడా వెంటపడి రాసుకుంటున్నాయని కొన్నేళ్ళ కిందట వార్త వచ్చింది. ఊరు ఊరంతా భగ్గుమంది. మాంసం కొట్టు ఓబెలె ఆ క్షణమే తన ఖాతా మూసేసి, మూసేశానని కొట్టు ముందు బోర్డు పెట్టాడు. కాలువలు గడ్డకట్టాక స్కేటింగ్ క్లబ్బు కబుర్లన్నీ అక్కడే వస్తున్నాయని తెలిసి మళ్ళీ తెరిచాడు. బోర్డు తీయడం మాత్రం మరిచిపోయాడు. చర్చిలో పాటల బృందాన్ని నడిపించే సిప్కె అయితే ఫోను కెమెరాకు నల్ల పట్టీ అతికించాడు. తర్వాత టీవీకి అతికించాడు. ఆ ఊపులో వంటింట్లో ఓవెన్ అద్దానికీ అతికించి, లోపల కేకు మాడిందో లేదో వాసన పట్టి తెలుసుకునేవాడు.

బౌక్యా ఖాతా మూయలేదు, పట్టీ అతికించలేదు.

"ఎదురింటాయనా, మన ఊళ్ళో ఎవరైనా కిటికీకి తెర వేసుకుంటారా?" అని నన్నడిగింది.

"వేసుకోరు."

"వేస్తే ఏమనుకుంటారు?"

"లోపల ఏదో జరుగుతోందనుకుంటారు."

"కదా! అందుకని తెర తీసే ఉంచాలి. లోపల నాటకం ఆడాలి. తొంగి చూసేవాడు చూసి చూసి, వీళ్ళెవర్రా బాబూ అని తల పట్టుకోవాలి."

కంపెనీ తల పట్టుకుందో లేదో నాకు తెలియదు గానీ, ప్రకటనలు మాత్రం తెగ పంపింది. కొన్నాళ్ళకు బౌక్యా ఫోను తెరిస్తే ఆమె నిండు గడ్డం ఉన్న వస్తాదు. రెండు ఒంటెలకూ ఒక పడవకూ యజమాని. కాళ్ళు మాత్రం పద్నాలుగో నంబరు. బౌక్యా ఆనందం పట్టలేక ఆ ఫోను తీసుకుని మాంసం కొట్టుకు పరుగెత్తింది.

"చూడు ఓబెలె! నేనెవరో వాడికి బొత్తిగా తెలియదు!"

"మాకు తెలుసు కదా. మా బాధ అదే" అన్నాడు ఓబెలె కత్తి నూరుకుంటూ.

ఒక ఏడు వసంతంలో ఒంటెల మధ్య కొత్త సరుకు కనిపించసాగింది. మగవాళ్ళ విగ్గులు. గుండె జబ్బువాళ్ళ తిండి. నడివయసువాళ్ళకు డాన్సు పాఠాలు. నాకు అనుమానం వచ్చింది. బౌక్యా అబద్ధాలకు ఒక పద్ధతి ఉంటుంది, అవి ఎప్పుడూ ఎడారి వైపో సముద్రం వైపో పోతాయి. ఇవి మరీ మన వీధిలోవిలా ఉన్నాయి.

"ఇవి కూడా నాటకమేనా?"

"కాఫీ తాగు" అంది బౌక్యా. అబద్ధం చెప్పలేనప్పుడు ఆమె కాఫీ పోస్తుంది.

ఒకరోజు మేమలా కూర్చుని ఉండగా పెరటి తలుపు తోసుకుని ఫెన్నా వచ్చింది. పడవలు బాగుచేసే వీబె భార్య. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆయన సంగతి వదిలెయ్. పుస్తకాల బీరువా లాంటివాడు, తాళం నా దగ్గరే ఉంది. చెప్పు" అంది బౌక్యా.

మా వైపు కాఫీతో బిస్కెట్టు ఒక్కటే ఇస్తారు, ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. ఆ పూట బౌక్యా డబ్బాను ఫెన్నా ముందుకు తోసి, మూత తీసే ఉంచింది. విషయం పెద్దదని నాకు అప్పుడే అర్థమైంది.

ఫెన్నాకు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. పోయినసారి అంతా అయిపోయాక కూడా, ఆమె ఫోనులో ఊయలలూ పాలసీసాలూ చిట్టి టోపీలూ నెలల తరబడి వస్తూనే ఉన్నాయట. బిడ్డ రాబోతోందని ఆ కంపెనీకి తెలుసు. రాలేదని తెలియదు. దానికి చెప్పే మార్గమూ లేదు.

"ఈసారి ఏం తినాలో, ఏం తినకూడదో కూడా వెతకాలంటే భయంగా ఉంది పిన్నీ. వేలు పెట్టబుద్ధి కావడం లేదు" అంది ఫెన్నా.

"నువ్వెందుకు పెట్టడం? నా ఫోనులో నేను వెతుకుతాను. ఏం కావాలో చెప్పు."

"అవన్నీ నీ వెంట పడతాయి."

"పడనీ. ఒంటెలనే తట్టుకుంటున్నాను, ఊయల ఎంత?"

ఫెన్నా నవ్వింది. వెంటనే నవ్వు ఆపుకుని, "మా అత్తగారికి మాత్రం తెలియకూడదు. రెండుసార్లూ చిన్న చిన్న మేజోళ్ళు అల్లింది. రెండుసార్లూ ఒక్క మాటా అనకుండా విప్పేసి, ఊలు ఉండ చుట్టుకుంది. ఆవిడ మళ్ళీ అలా ఉండ చుడుతుంటే నేను చూడలేను" అంది.

ఆ అత్తగారు హిస్కె. ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసన కంటే ముందు ఆమెకు తెలుస్తుంది. ఆమె నుంచి ఒక విషయం దాచడమంటే చేపల బుట్టను పిల్లి కంటపడకుండా దాచడమే.

తర్వాత పది రోజులకు మా ఊరి హాల్లో ఒక సభ పెట్టారు. "మనల్ని ఎవరు చూస్తున్నారు?" అని విషయం. లేవార్డెన్ పట్నం నుంచి ఒక కుర్రాడు వచ్చి మాట్లాడాడు. తెల్ల తెర, పెద్ద యంత్రం, మంచి గొంతు. ఊరంతా వచ్చింది. చివరి వరసలో ఫెన్నా, పక్కనే హిస్కె.

"ఎవరైనా ఒకరు తమ ఫోను ఇస్తే, కంపెనీకి మీ గురించి ఎంత తెలుసో తెరమీద చూపిస్తాను" అన్నాడు కుర్రాడు.

హాల్లో ప్రతి చెయ్యీ తన జేబు మీదికి వెళ్ళింది. బౌక్యా చెయ్యి మాత్రం పైకి లేచింది. ఇన్నేళ్ళ కష్టానికి ఇవాళ గుర్తింపు వస్తుందని ఆమె ముఖం వెలిగిపోతోంది. గబగబా వెళ్ళి ఫోను ఇచ్చేసింది. గడ్డం ఒక్కటే గుర్తుంది ఆమెకు. మిగతావి గుర్తులేవు. నాకు గుర్తున్నాయి. లేచి ఏదో అనబోయాను, అంతలో కుర్రాడు ఫోనును యంత్రానికి తగిలించేశాడు.

ఒంటె వచ్చింది. హాలు ఘొల్లున నవ్వింది. బౌక్యా సభకు నమస్కారం చేసినట్టు తల వంచింది. నూనె వచ్చింది, పద్నాలుగో నంబరు బూట్లు వచ్చాయి. ఆ తర్వాత: "మగవారికి విగ్గు. ఎంత గాలికైనా కదలదు."

"బౌక్యా, విగ్గు ఎవరికి, ఒంటెకా?" అని అరిచాడు ఓబెలె, బల్ల చరుస్తూ. అందరూ నవ్వారు, సిప్కె తప్ప. అతని చెయ్యి మెల్లగా తన నడినెత్తి మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"మాంసం లేని సాసేజీలు. మీ గుండెకు నేస్తాలు. లోపల ఏముందో పైకి తెలియని పొట్లంలో పంపుతాము."

ఓబెలె నవ్వు సగంలో ఆగింది. మూడు తరాల మాంసం కొట్టు ఆసామి నోరు తెరిచి తెరమీదికే చూస్తూ ఉండిపోయాడు. డాన్సు పాఠాలు వచ్చేసరికి మూడో వరసలో ఇంకెవరో దగ్గారు. అలా ఒక్కొక్క వరసే చల్లబడిపోయింది. కుర్రాడికి ఇదేమీ తెలియదు. వేలితో ఇంకొకసారి పైకి తోశాడు.

తెర నిండా ఊయల. "పుట్టబోయే మీ బుజ్జాయికి అభినందనలు! ఇది మీ మూడో నెల."

వెనక్కి తిరిగి చూశాను. ఫెన్నా రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఉంది. పక్కన హిస్కె లేచి నిలబడింది.

"బౌక్యా, ఊయల ఎవరికి?"

"నాకే."

"నీకా?"

ఫోనుకు అన్ని అబద్ధాలు అలవోకగా చెప్పిన మనిషి, మనుషుల ముందు మొదటి అబద్ధానికే చెవుల దాకా ఎర్రబడిపోయింది.

"అంటే... పిల్లికి."

"నీకు పిల్లి లేదు."

"తెచ్చుకుంటాను."

"మూడో నెల అని రాసుంది."

"పిల్లికే మూడో నెల."

"లేని పిల్లికా?"

బౌక్యా చుట్టూ చూసింది. పోయడానికి అక్కడ కాఫీ కూడా లేదు.

అప్పుడు సిప్కె లేచాడు. "ఊయల నాది" అన్నాడు. "పాటల పుస్తకాలు పెట్టుకోవడానికి. ఎలాగూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, విగ్గు కూడా నాదే."

"ఊయల నీదేమిటి, నాది!" అని ఓబెలె లేచాడు. "సాసేజీలు పెట్టుకోవడానికి. అవును, మాంసం లేనివే. డాక్టరు చెప్పాడు. ఎవరైనా నవ్వారో, రేపట్నుంచి వాళ్ళకు ఎముకలే!"

ఊయల నిజంగా ఎవరిదో వాళ్ళిద్దరికీ తెలియదు. తమలాగే పెరటి తలుపు తోసుకుని బౌక్యా వంటింట్లోకి వెళ్ళినవాళ్ళెవరో ఈ హాల్లోనే ఉన్నారని మాత్రం తెలుసు. సభల్లో ఎన్నడూ నోరు విప్పని నేను కూడా నిలబడ్డాను.

"నాది కూడా."

"నీకెందుకయ్యా?" అంది హిస్కె.

"పడుకుని చదువుకోవడానికి."

నేను బౌక్యా చేత ఏం వెతికించుకున్నానో అడగకండి. అదృష్టం కొద్దీ అది తెరమీదికి రాకముందే సభ ముగిసింది.

"ఒక్క ఊయల, నలుగురు యజమానులు" అన్నాడు కుర్రాడు, తన యంత్రం చెడిపోయిందేమోనని దాన్ని తడుతూ.

హిస్కె మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. కోడలి వైపు మాత్రం చూడలేదు. మెల్లగా కూర్చుంది. "తర్వాతది చూపించు బాబూ, ఇది అయిపోయింది" అంది. ఆమె ఒక ప్రశ్నను మధ్యలో వదిలేయడం ఊరి చరిత్రలో అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఓబెలె తన ఫోనులో ఊయల కోసం వెతికాడట. సిప్కె వెతికాడు, పాటల బృందం మొత్తం చేత వెతికించాడు. నేనూ వెతికాను. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి ఊళ్ళో ఏ ఫోను చూసినా ఊయలలే. పాస్టరుగారికి పాలసీసాలు, రిటైరైన పోస్టుమాస్టరుకు గిలక్కాయలు. చర్చిలో ప్రార్థన మధ్య ఎవరి ఫోనో టింగుమంటే, "ఎన్నో నెల?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. ఇంత సందట్లో నిజమైన ఊయల ఎవరిదో కనిపెట్టడం దేవుడి తరం కాదు.

అయిదో నెలలో ఫెన్నా తనే అత్తగారికి చెప్పింది. "అవునా!" అని హిస్కె గుండె మీద చెయ్యి వేసుకుని ఎంతగానో ఆశ్చర్యపోయిందట. చేతిసంచీలోంచి అప్పటికే సగం అల్లిన మేజోడు కింద పడకపోతే ఫెన్నా నమ్మేదే.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మా వంతెన దగ్గర పసిపాపల బొమ్మలు వేసిన వ్యాను ఒకటి ఆగింది. టై కట్టుకున్న కుర్రాడు దిగాడు. ఏదో పసిపిల్లల సామాన్ల కంపెనీ. మా ఊళ్ళో దాదాపు ప్రతి ఇంట్లోనూ కాన్పు ఉందని వాళ్ళ లెక్కల్లో తేలిందట. ఉచితంగా పంచడానికి వ్యాను నిండా డైపర్లు తెచ్చాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చేతికర్రలు, చక్రాల నడక బళ్ళు, బల్లమీద మేం ముగ్గురం: బౌక్యా, హిస్కె, నేను.

"ఇక్కడ తల్లులెక్కడ ఉంటారండీ?"

"మేమే" అంది హిస్కె, అల్లిక ఆపకుండా. "నాకు కవలలు."

కుర్రాడు నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. బౌక్యా వైపు చూశాడు. ఆమె నోరు తెరిచింది, చెవులు ఎర్రబడ్డాయి. అంతలో రొట్టెల సంచీ పట్టుకుని ఫెన్నా మూల మలుపు తిరిగి వస్తోంది. ముందు పొట్ట, వెనక ఫెన్నా. బౌక్యా పెద్ద ఊపిరి వదిలి, హాయిగా నిజం చెప్పేసింది:

"అదిగో బాబూ, తల్లి. పెట్టెలన్నీ వాళ్ళింట్లో దించెయ్. అన్నిటికంటే చిన్న సైజువి ఇవ్వు చాలు. పెద్దవి కావలసినప్పుడు మేమంతా కలిసి వెతుకుతాంలే."