వెలుగు మార్చి చూసిన పరీక్ష

మా అత్తగారు పెద్దపేగు క్యాన్సరుతో పోయారు. ఏడాదిపాటు రక్తం పడుతున్నా ఎవరికీ చెప్పలేదు. మొలలనుకున్నారట, ఆపైన సిగ్గు. అందుకే మా వారి అక్కగారికి యాభై ఐదు దాటగానే, అమలాపురంలో మేం చూపించుకునే డాక్టరమ్మ పట్టుబట్టారు. "ఏ బాధా లేకపోయినా సరేనండి, ఒకసారి లోపల కెమెరా పెట్టి పేగు చూడాలి" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆ ఆసుపత్రిలో కొత్తరకం కెమెరా ఒకటి వచ్చింది. అది ఎంతవరకు పనికొస్తుందో పరీక్షిస్తున్నారు.

మా వదినగారిది అల్లవరం. రొయ్యల చెరువుల మీద ఒంటరిగా తిరిగే మనిషి, పామును చూసినా బెదరరు. ఈ మాట వినగానే మాత్రం నీరుగారిపోయారు.

"నువ్వూ చేయించుకుంటేనే నేను వస్తాను. లేకపోతే లేదు" అని భారం నా మీద పెట్టారు.

నాకు ఆ ఇంటి రక్తం లేదు, ఏ బాధా లేదు. కుట్టుమిషను పక్కన పెళ్ళి జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. అయినా ఆవిడ మొహం చూసి సరేనన్నాను.

డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. "మామూలు తెల్ల వెలుగులో ఒకసారి చూస్తామండి. నీలి వెలుగులో ఇంకోసారి చూస్తాం. అప్పుడు కంప్యూటరు కూడా మాతోపాటు చూస్తూ, అనుమానం వచ్చిన చోట ఆకుపచ్చ గడి గీస్తుంది. ఏది ముందో మూసిన కవరులో రాసి ఉంటుంది, చింపితేగానీ నాకూ తెలీదు."

"లాటరీ అన్నమాట" అన్నారు వదినగారు.

"ఆయ్, అలాంటిదేనండి. కొత్తది నిజంగా ఎక్కువ పట్టుకుంటుందో లేదో తేలాలి కదా. మీకిష్టం లేకపోతే మధ్యలో మానేయచ్చు, మీ వైద్యానికేం లోటు రాదు."

నాకు ఈ సంగతి తేలిగ్గానే అర్థమైంది. ట్యూబులైటు కింద జాకెట్టుకి సరిపోయిందనుకున్న లైనింగు గుడ్డ ఎండలోకి తెస్తే వేరే రంగులో కనిపించడం నాకు రోజూ ఉన్నదే. వదినగారు కళ్ళజోడు పెట్టుకుని ఒప్పుదల కాగితం మొత్తం చదివి సంతకం చేశారు, నేనూ చేశాను.

పరీక్షకు ముందు రోజు ఆవిడ పది బొండాలతో మా ఇంట్లో దిగారు. కొబ్బరినీళ్ళు తాగచ్చని డాక్టరమ్మ చెప్పారు మరి. సాయంత్రం నాలుగింటికి ఇద్దరం పేగు కడిగే మందు నీళ్ళలో కలుపుకుని మొదలుపెట్టాం. గాలి పోయిన ఉప్పు సోడాలా ఉంది. మాకున్నది ఒక్కటే బాత్రూము. మా వారు సంగతి గ్రహించి స్నేహితుడింటికి పారిపోయారు.

మొదట్లో "మీరు వెళ్ళండి వదినగారూ", "పరవాలేదు, నువ్వెళ్ళమ్మా" అని మర్యాదలు నడిచాయి. అరగంటలో అవన్నీ ఎగిరిపోయాయి. "త్వరగా రావే తల్లీ!" అంటూ ఆవిడ తలుపు బాదుతుంటే, లోపల నాకు నవ్వుతో కడుపు పట్టేసింది.

మర్నాడు ముందు ఆవిడ వంతు. "నా కడుపులో ఏముందో నేను చూడద్దా?" అని మత్తు వద్దన్నారు. నా చెయ్యి వదలకపోవడంతో డాక్టరమ్మ నన్నూ లోపల నిలబడనిచ్చారు. కవరులో నీలి వెలుగు ముందు అని వచ్చింది. తెరమీద పేగు నీలిపచ్చ సొరంగంలా కదులుతోంది. ఉన్నట్టుండి ఆకుపచ్చ గడి పడింది. వదినగారి గోళ్ళు నా అరచేతిలో దిగబడ్డాయి.

"అమ్మకొచ్చినట్టే నాకూ వచ్చేసిందాండీ?" అని గొణిగారు.

డాక్టరమ్మ అక్కడ నీళ్ళు కొట్టారు. గడిలో ఉన్నది జారి కొట్టుకుపోయింది.

"జామగింజండి! మూడ్రోజులు గింజలున్నవి తినద్దన్నాను కదండీ?"

"ఒక్కటేనండి... అదీ చిన్నకాయే" అన్నారు వదినగారు. గదిలో అందరం నవ్వేశాం. రెండు వెలుగుల్లో చూసినా ఆవిడ పేగు శుభ్రంగా ఉంది.

తరువాత నేను. నాకు కాస్త మత్తిచ్చారు. లేచేసరికి డాక్టరమ్మ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. తెల్ల వెలుగులో తీసినదాంట్లో నాకేమీ కనిపించలేదు, ఆవిడకీ కనిపించలేదట. అదే చోటు నీలి వెలుగులో చూస్తే, పేగు మడతకు అంటుకుని పల్చటి మచ్చ ఒకటి గోధుమరంగులో తేలింది.

"అక్కడికక్కడే తీసేశానండి, ఆ ముక్కని ల్యాబుకి పంపాం. ఇప్పుడైతే ప్రమాదంలా లేదు. వదిలేస్తే మటుకు ముందుముందు ఏమయ్యేదో చెప్పలేం."

వదినగారు ఏడ్చేశారు. "నా భయం కొద్దీ నిన్ను లాక్కొచ్చేను" అన్నారు. "లాక్కొచ్చేరు కాబట్టే కదండీ దొరికింది" అన్నాను.

ఆ వారం నేను కుట్టిన జాకెట్లలో రెండింటికి చేతులు తారుమారయ్యాయి. వారం తరువాత రిపోర్టు వచ్చింది. క్యాన్సరు కాదు, కొన్నేళ్ళకొకసారి చూపించుకుంటే చాలు. వదినగారు అప్పటికప్పుడు తమ్ముడికి ఫోను చేశారు. "ఒరేయ్, అమ్మ కడుపున పుట్టినవాళ్ళలో ఈ పరీక్షకి ఇక నువ్వే మిగిలేవు. ఎప్పుడెళ్తున్నావు?" మా వారు నసిగారు గానీ, తప్పించుకోలేకపోయారు. ఆయనకూ ఏమీ లేదని తేలింది.

ఇప్పుడు రొయ్యల పట్టుబడికి వచ్చే ఆడవాళ్ళందరికీ వదినగారు జామగింజ కథ చెబుతుంటారు. నవ్వుకున్నాక, "రక్తం పడితే మా అమ్మలా దాచకండే" అంటారు. పోయిన నెల వాళ్ళలో ఇద్దరు ఆటోలో అమలాపురం వచ్చారు. డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.